ఊఁ కొట్టిన ఆకాశం

లోకనాథం, రేపు పదకొండింటికి నువ్వు బాయిలరు చల్లార్చి ఇంటికి వచ్చేసరికి నీ గుండె తేలిగ్గా ఉంటుంది. పండగనాడు తలంటుకుని ఎండలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ తేలికని నమ్మకు. అది దొంగసొమ్ము. వాకిట్లో గోనెముక్క మీద ఒకామె కూర్చుని ఉంటుంది. సూదీ దారం లేకుండా ఉత్తి వేళ్ళతో సంచి కుడుతున్నట్టు చేస్తూ ఉంటుంది. ఎవరో ముసలామె అనుకుంటావు. ఆమె నీ అప్ప, నీ తోడబుట్టింది. పేరు ముత్యాలు. ముందు ఆమెకి అన్నం పెట్టు. తర్వాత ఇది చదువు.

అప్పా, తమ్ముడా అంటే నీకేమీ అర్థం కాదని తెలుసు. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను. మధ్యలో చుట్ట కోసం లేచావంటే చూడు. నువ్వే నేను, నీ వేషాలు నాకు తెలియనివి కావు.

మనది గవ్వలరేవు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అప్పకి పదహారు. జనపనార మిల్లులో గోనెసంచులు కుట్టి నన్ను పెంచింది, ఫిట్టరు పనిలో పెట్టింది. ఆమెకి పెళ్ళయింది. మొగుడు బర్మాలో కూలిపనికని రంగం ఓడ ఎక్కి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. పైడి అని ఒక్కతే కూతురు. ముక్కుతో మాట్లాడేది, ఎప్పుడూ జలుబే దానికి. ఆరో ఏట జ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత అప్ప పైడి పేరెత్తగా నేను వినలేదు.

కానీ కథలు చెప్పేది. మిల్లు కుట్టుషెడ్డులో నలభైమంది ఆడవాళ్ళు, మధ్యలో అప్ప. ఆమె కథ అందుకుంటే నలభై సూదులూ దాని వెంటే నడిచేవి. వాక్యానికోసారి షెడ్డంతా "ఊఁ" అనేది. మన దగ్గర ఊఁ కొట్టేవాళ్ళు లేనిదే కథ కదలదు కదా. ఊఁ వినపడకపోతే "సచ్చేరేటే అందరూ?" అని ఆపేసేది. వినపడితే చాలు, ఆ ఊఁ ఎవరిదని ఎప్పుడూ తల తిప్పి చూసేది కాదు. ఎవరూ చూడరు. మన కొంప ముంచింది ఈ అలవాటే.

ఆ షెడ్డులో ఆవిరి కుట్టుమిషను బిగించింది ఎవరనుకున్నావు? నేనే. నలభైమందీ ఒక్కరోజులో ఇళ్ళకి పోయారు. అప్ప మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. మిషను కుట్టిన సంచి తెప్పించుకుని, తిరగేసి చూసి, "బాగా కుట్టిందిరా నీ మిషను. కుట్టు గట్టిగున్నాది" అంది. ఆ మెప్పుకి నేను ఉబ్బిపోయాను, సిగ్గులేని వెధవని. తర్వాత ఆమె పెరట్లో కోళ్ళకి కథలు చెబుతూ ఉండటం చూశాను. కోళ్ళు ఊఁ కొట్టవు. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయేది.

ఆ శీతాకాలం పొగమంచులో రెండు తెప్పలు రాళ్ళకి కొట్టుకున్నాయి. రేవు దొర నన్ను పిలిచి మంచులో వినపడే కూత ఒకటి చెయ్యమన్నాడు. మంచులో ఈల వేస్తే అది నాలుగు పక్కలనుంచీ వినిపిస్తుంది, దిక్కు తెలియదు. తెలిసిన మనిషి గొంతయితే కళ్ళు మూసుకున్నా ఎటునుంచో తెలుస్తుంది. అలా పుట్టింది ఆవిరి బాకా. దాని మూతి దగ్గర మాట్లాడితే పల్చటి రేకు వణుకుతుంది. రేకుకి తగిలించిన ఇత్తడి దువ్వెన అదే వణుకుతో ఆవిరిని కాస్త వదిలి, కాస్త పట్టుకుంటుంది. చివరికి మాట్లాడేది ఆవిరి. మొదటిసారి అప్పని కూర్చోబెట్టి ఏదో ఒకటి అనమంటే, "ఓలమ్మోలమ్మ, ఇదేటిరా!" అంది. మూడు వీధుల కాకులు లేచిపోయాయి. రేవులో ఓ గుమాస్తా సిరా ఒంటిమీద ఒలకబోసుకున్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

బాకాని నేరుగా సముద్రం మీదికి పెడితే ఎదురుగా ఉన్న గోదాము గోడకి శబ్దం కొట్టుకుంటోంది. అందుకని దాని నోరు ఎత్తి ఆకాశం వైపు పెట్టాను. పక్కనే, తెప్పలవాళ్ళ కేకలు వినడానికి, ఎటు కావాలంటే అటు తిరిగే పెద్ద రేకు గరాటు ఒకటి బాయిలరు కొట్టు కప్పు మీద నిలబెట్టి, దాని గొట్టం లోపలికి దించాను.

పొద్దున్నే మంచు దిగ్గానే అప్ప కథ మొదలుపెట్టేది. తెప్పలవాళ్ళు ఆ గొంతు పట్టుకుని ఒడ్డుకి వచ్చేవాళ్ళు. వస్తూ వస్తూ సరదాకి గొంతెత్తి ఊఁ కొట్టేవాళ్ళు. గరాటులోంచి ఆ ఊఁ వినిపిస్తే అప్ప ముఖం చూడాలి! పాత ముత్యాలు తిరిగి వచ్చింది. నా పాపం కడుక్కున్నాననుకున్నాను.

"కథ ముగించకప్పా" అన్నాను. "నువ్వు ఆగితే దిక్కు తప్పిపోతారు. ఒకదానికొకటి ముడేసుకుంటూ పో."

"కంచికెళ్ళని కతుంటాదేటిరా?" అంది గానీ నా మాట కాదనలేదు. ఎప్పుడు కాదంది గనక.

గంగమ్మ పండగ రోజు వేటకి ఒక్క తెప్ప కూడా వెళ్ళలేదు. కొత్త వాల్వు పరీక్షించాలని నేను అప్పని కూర్చోబెట్టాను. చెబుతూ ఉంది. కాసేపటికి గరాటులోంచి ఊఁ అని వచ్చింది. అప్ప ఉత్సాహంగా కథ సాగించింది. నాకు మాత్రం చెయ్యి ఆగిపోయింది. సముద్రంలో ఎవరూ లేరు కదా! గరాటుని సముద్రం మీదికి తిప్పాను, ఏమీ లేదు. ఊరి వైపు తిప్పాను, మేకల అరుపులు. చివరికి నెత్తిమీదికి తిప్పాను. అక్కడ ఉంది. స్పష్టంగా, ఓపిగ్గా, వాక్యం ముగిసిన ప్రతిసారీ పావుగంట తర్వాత, ఊఁ. తెప్పలవాళ్ళ ఊఁ విని నేర్చుకున్నట్టుంది, యాస కూడా వాళ్ళదే. అంత ఎత్తున, గాలి లేని చోటునుంచి శబ్దం ఎలా వస్తుందో నాకు తెలియదు. రెండు ఊఁల మధ్య గరాటులో ఇంకేదో వినపడేది. ఊపిరి లాంటిది. ఒక ఊపిరి పీల్చి వదలడానికి దానికి నాలుగు రోజులు పట్టింది.

భయపడాల్సింది కదా? నాకు గర్వం కలిగింది లోకనాథం. గవ్వలరేవు ఫిట్టరు చేసిన బాకాకి ఆకాశం పలికిందని నేల మీద కాళ్ళు నిలవలేదు.

"ఎవులో గానీ బాగా ఇంటన్నాడ్రా" అంది అప్ప. అంతే. ఎవరని అడగలేదు.

నాలుగో రోజున, షెడ్డులో అప్ప పక్కన కూర్చునే సింహాచలం ఇంటికి వచ్చింది. ఆమెకి ఉప్పుమూట మోసిన రాచకూతురి కథ ఇష్టం, అది చెప్పమంది.

"అదే కతే? నానెప్పుడూ ఇన్నేదు" అంది అప్ప.

"భలేదానివే! నువ్వే వందసార్లు సెప్పేవు కదే" అని సింహాచలం నవ్వింది. అప్ప కూడా నవ్వింది, కానీ ఆమెకి నిజంగానే తెలియదు. ఆ కథ ముందురోజు బాకాలో చెప్పింది. నేను విన్నాను.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఇది నువ్వు రెండుసార్లు చదువు. తర్వాత తెలిసింది కాదు, ఆ క్షణంలోనే తెలిసింది. చెప్పింది చెప్పినట్టు ఆమెలోంచి పోతోంది. ఆ రోజే ఆపాలి. కానీ ఎనిమిది రోజుల్లో పెద్ద ఇంజనీరు దొర బాకా చూడటానికి వస్తున్నాడు. ఎనిమిది రోజులు, కొన్ని కథలు, పోతే ఏం అనుకున్నాను.

ఇంజనీరు దొర వచ్చిన పొద్దున, అప్ప మూతి దగ్గర కూర్చుని నా వైపు తిరిగింది. "ఒరే, ఏటి సెప్పను? బుర్ర ఊడ్సిపెట్టినట్టున్నాది. ఒక్క కతా రాటంనేదు."

దొర గరాటు గొట్టం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆవిరి సిద్ధంగా ఉంది, గేజి ముల్లు నిలబడి ఉంది. నేను ఆమె చెవిలో అన్నాను: "నీ సంగతులు సెప్పప్పా. పైడి సంగతి సెప్పు."

ఆమె బాకా మూతి దగ్గరనుంచి వెనక్కి జరిగింది. "అది కత కాదురా" అంది.

"ఇనేవోడికి అన్నీ కతలే."

చెప్పింది. పైడి పుట్టడం, నడవడం, ముక్కుతో మాట్లాడటం, ఆకుపచ్చ లంగా కావాలని ఏడ్చి కుట్టించుకోవడం, జ్వరం, ఆఖరి పొద్దున నీళ్ళడగటం. నేను బొగ్గు వేస్తూ విన్నాను. చెప్పడం అయ్యాక పావుగంటకి గరాటులోంచి ఊఁ వచ్చింది. అది తెప్పలవాళ్ళ గొంతు కాదు. ముక్కుతో పలికే పిల్ల గొంతు. పైడి గొంతు.

దొర టోపీ తీసి లేచి నిలబడ్డాడు, నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"ఎవులో గుంట ఇంటన్నాది రా" అని అప్ప నవ్వింది. "గుండెలో రాయి తీసేసినట్టున్నాది నాకు. మంచి మాట సెప్పేవు." ఆ మాట పట్టుకుని నేను మంచే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. పదేళ్ళ ఏడుపు తీరిపోయింది కదా, మంచిదే కదా అని.

ఆ సాయంత్రం అప్ప పెట్టె సర్దుతూ ఆకుపచ్చ లంగా పైకి తీసింది. "ఇదెవుల్ది రా? పసిగుంటది. మనింటికెలాగొచ్చింది?"

నేనేం అన్నానో తెలుసా? "పక్కింటోళ్ళది, మన ఉతికిన బట్టల్లో కలిసిపోయినట్టుంది" అన్నాను. తీసుకువెళ్ళి ఇచ్చేశాను కూడా. పక్కింటి పిల్ల దాన్ని చిరిగేదాకా కట్టుకుంది.

మర్నాడు మాత్రం బాయిలరు వెలిగించలేదు. ఇక చాలు అనుకున్నాను. నన్ను మెచ్చుకోకు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందుకే. మొదటిరోజు ఏమీ కాలేదు. రెండోరోజు మిట్టమధ్యాహ్నం ఊళ్ళో ఉన్న ఇత్తడి బిందెలన్నీ ఒక్కసారి మోగాయి. పైడి గొంతుతో, ముక్కుతో, "తర్వాత?" అని. ఆడవాళ్ళు బిందెలు వదిలేసి పరిగెత్తారు. గాలి లేదు, మబ్బు లేదు, సముద్రం మాత్రం పాలు పొంగినట్టు మొత్తంగా పైకి లేవడం మొదలుపెట్టింది. అల కాదది. నీళ్ళు నీళ్ళుగా ఆకాశం వైపు లేస్తున్నాయి. కథ వినేవాళ్ళు చెప్పేవాళ్ళ గొంతు ఆగితే ఏం చేస్తారు? ముందుకి వంగుతారు. అది మన మీదికి వంగింది.

నేను బాయిలరు కొట్టుకి పరిగెత్తి ఎలాగో ఆవిరి లేపాను. మూతి దగ్గర నోరు పెట్టి "కథ కంచికి, మనం ఇంటికి!" అని అరిచాను. మూడుసార్లు అరిచాను. ఈసారి పావుగంట పట్టలేదు. మాట నోట్లో ఉండగానే జవాబు వచ్చింది.

"తర్వాత?"

అప్పటికి నీళ్ళు చేపలవాడ మొదటి వరస ఇళ్ళలోకి వచ్చేశాయి. పిల్లల్ని చంకనేసుకుని జనం కొండ వైపు పరిగెడుతున్నారు. అప్ప ఆ జనానికి ఎదురు నడిచి నా దగ్గరికి వచ్చింది, సింహాచలం ఆమె వెనకాలే ఉంది.

"లెగు" అంది అప్ప. "కత సగంలో ఆపితే ఇనేవోలికి కోపం రాదేటి? నాను మొదలెట్టేను, నానే సెప్తాను."

"వద్దప్పా" అన్నాను. ఒక్కసారే అన్నాను.

కూర్చుంది. మొగుడి గురించి చెప్పింది, నీళ్ళు ఇళ్ళలోంచి వెనక్కి పోయాయి. రంగం ఓడ గురించి చెప్పింది, ఇసుక బయటపడింది. అమ్మ గురించి, నాన్న గురించి చెప్పింది. ఇంకేమీ మిగల్లేదు, సముద్రం ఇంకా పూర్తిగా పడుకోలేదు. అప్పుడు నా గురించి మొదలుపెట్టింది. నాకు గంజి తాగించడం, నేను ఇనపముక్కలు ఏరుకొస్తే తిట్టి మళ్ళీ తనే పెట్టెలో దాచడం, నా మొదటి రెంచీ కోసం తన ముక్కుపుడక తీసేయడం. ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు.

అప్పుడైనా ఆమెని లేపి నేను కూర్చోవచ్చు. బొగ్గు వేసే మనిషి లేడు కదా అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం! సింహాచలం అక్కడే నిలబడి ఉంది. పార అందిస్తే వేసేది. నాకు భయం వేసింది, అంతే. నా బుర్ర నాకు కావాలనిపించింది. ఆమెది పోతున్నా పరవాలేదనిపించింది. ఇంతకన్నా సూటిగా రాయడం నాకు చేతకాదు.

సముద్రం పడుకుంది. అప్ప లేచి, చీర దులుపుకుని, నన్ను చూసింది.

"ఎవులు బావూ నువ్వు? మొకమంతా మసి. కడుక్కో" అంది.

మర్నాటినుంచి నేను కూర్చుంటున్నాను. సింహాచలం వచ్చి "నాను సెప్తాను, నాకాడ బోలెడున్నాయి" అంది. ఆమెని కసిరి పంపి కొట్టుకి తాళం వేశాను. ఈ మొత్తంలో నేను చేసిన మంచిపని అదొక్కటే. ఈ కాగితాలకెక్కిన నాలుగు ముక్కలు తప్ప నా చిన్నతనమంతా చెప్పేశాను. నాన్న జ్ఞాపకం పోయింది, అమ్మ ముఖం పోయింది, స్నేహితుల పేర్లు పోయాయి. బాకా చేసిన విధానం కూడా పైన రాసినంత తప్ప చెప్పేశాను, ఇప్పుడు అది విరిగితే బాగుచెయ్యడం నాకు రాదు. చేతులకి వచ్చిన పనులు మాత్రం అది అడగదు. బొగ్గు వెయ్యడం, వాల్వు తిప్పడం చేతులే చేసుకుపోతాయి. అప్ప వేళ్ళు కూడా అందుకే ఇంకా కుడుతున్నాయి.

ఇక నా దగ్గర ఉన్నది నువ్వు చదువుతున్న ఇదొక్కటే. రేపు ఇది చెప్పాలి. చెప్పకపోతే చేపలవాడ ఉండదు.

నిజం చెప్పనా? దీన్ని ఆఖరుకి దాచుకున్నది నా మంచితనం వల్ల కాదు. మిఠాయిలా దాచుకున్నాను. ఇది పోతే ఎంత హాయిగా ఉంటుందో రోజూ ఊహించుకున్నాను. ఆ హాయి నాకు దక్కకూడదు, అందుకే రాశాను. పైడి సంగతి చెప్పమన్నది నువ్వే. లంగా ఇచ్చేసింది నువ్వే. పార అందించనిది నువ్వే. ఎల్లుండి దానికి ఏం చెబుతావో నాకు తెలియదు, అది నీ తిప్పలు. ఆమెకి పులుసు ఎక్కువ వెయ్యి, ఇష్టం.

*

లోకనాథం ఆఖరి కాగితం కింద పెట్టాడు. వాకిట్లో ముసలామె అన్నం తినేసి, గోనెముక్క మీద కూర్చుని, ఉత్తి వేళ్ళతో కుడుతోంది. అరగంట క్రితం అతను ఈలవేసుకుంటూ వచ్చి ఈమెకి అన్నం పెట్టాడు, ఎవరో పాపం అనుకుంటూ.

అతను లేచి వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "అప్పా" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే వచ్చింది.

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. అతని తల మీద చెయ్యి వేసింది. "ఊరుకో బావూ. రోజూ ఇదేటి?"

లోకనాథం తలెత్తాడు. "రోజూ?"

"మరేటి! పొద్దున్నే ఏడుపు మొకంతో ఎల్తావు. మద్దేనం ఈలేసుకుంటూ వొత్తావు. నాకు కూడెడతావు, ఆ కాయితాలు సదువుతావు, నా కాళ్ళట్టుకుని ఏడుస్తావు. నానొచ్చిన కాడ్నించీ ఇదే బాగోతం. వానలు రెండుసార్లు వొచ్చెల్లేయి."

అతను కాగితాల వైపు చూశాడు. మడతల దగ్గర అరిగి విడిపోతున్నాయి. ఒకచోట ఎవరో అన్నం మెతుకులతో అతికించారు. సముద్రం వైపు చూశాడు. తెప్పలు ఒడ్డున వరసగా ఆరుతున్నాయి, చేపలవాడలో ఎవరో వల బాగుచేసుకుంటున్నారు. రేపు దానికి ఏం చెప్పాలో ఇక వెతుక్కోనక్కర్లేదు. చదివితే పాపం తిరిగి వస్తుంది, చెబితే పోతుంది, మళ్ళీ చదవాలి. ఒకే కథని అది రెండేళ్ళుగా ఊఁ కొడుతూ వింటోంది.

"ఏటున్నాది బావూ ఆ కాయితాల్లో?" అంది ఆమె. "అంతేడిపించే కతేటో నాక్కూడా సదివి ఇనిపించు. రోజూ అడుగుతాను."

"రోజూ నేనేమంటాను?"

"రేపు సదువుతానంటావు."

లోకనాథం కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. మొదటి కాగితం విప్పి గొంతు సవరించుకున్నాడు. ఆమె కుట్టడం ఆపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అతని ముఖంలోకి చూస్తూ కూర్చుంది. అతను ఆ చూపుని కాసేపు భరించాడు. తర్వాత కాగితం మడిచేశాడు.

"రేపు చదువుతానప్పా" అన్నాడు.

ఆమె సరేనంది.